కృష్ణ మొగలు: పటముల నుండి ఉపగ్రహముల వరకు

బందరు రేవు అను మాట విని మచిలీపట్టణమునకు మొదటిసారి వచ్చిన విద్యార్థి కొంత ఆశ్చర్యపడును. రేవుపట్టణమని పేరేగాని ఊరి నడుమ నిలిచినచో సముద్రము కనబడదు, అలల చప్పుడు వినబడదు. కెరటములు చూడవలెనన్నచో ఊరు దాటి, పొలములు దాటి, పర్రభూములు దాటి మంగినపూడి వరకు పోవలెను. మూడు వందల ఏండ్ల క్రితము దేశదేశముల ఓడలు వెదకికొనుచు వచ్చిన రేవు ఇదే. ఒండ్రు పేరుకొని నీటిలోతు తగ్గుట ఈ రేవు క్షీణించుటకు గల కారణములలో ఒకటి.

ఇచటి నుండి దక్షిణముగా దివిసీమ చివరకు పోయినచో కథ తారుమారగును. అచట కృష్ణ మొగల వద్ద కొన్ని చోట్ల సముద్రమే భూమిని కోసికొని పోవుచున్నది. ఒక చోట ఒండ్రు ఎక్కువై రేవు చెడినది. మరియొక చోట ఒండ్రు చాలక నేల తరుగుచున్నది. రెంటికిని కారణమైన నది ఒక్కటే. ఈ మార్పును మానవుడు ఎట్లు గుర్తించెను? ఎట్లు కొలిచెను? బాటసారుల వ్రాతలతో మొదలై, కొలతగొలుసులతో, విమానపు ఛాయాచిత్రములతో సాగి, నేడు ఉపగ్రహముల వరకు వచ్చిన ఈ పరిశోధన చరిత్ర తెలుసుకొనదగినది.

నది కట్టిన నేల

కృష్ణానది మహాబలేశ్వరము వద్ద పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతములో కలియుచున్నది. దాని పరీవాహక ప్రాంతము దాదాపు 2 లక్షల 59 వేల చదరపు కిలోమీటర్లు. ఇంత నేల మీద కురిసిన వాన కొట్టుకొని వచ్చిన మట్టి, ఇసుక, ఒండ్రు వరదనీటిలో కలిసి తూర్పునకు ప్రయాణము చేయును. విజయవాడ వద్ద కొండల నడుమ నుండి బయటపడిన పిమ్మట నేల వాలు మిక్కిలి తగ్గును. వాలు తగ్గినచో నీటి వేగము తగ్గును. వేగము తగ్గినచో మోయు శక్తి తగ్గును. మోయలేని బరువును నది దారిలో దింపుచు పోవును. ఇట్లు వేల ఏండ్లుగా దింపబడిన ఒండ్రే కృష్ణా డెల్టా. గ్రీకు లిపిలోని త్రికోణాకారపు అక్షరమును పోలియుండుటచే నైలునది మొగల వద్ద గల నేలకు గ్రీకులు పెట్టిన పేరు నేడు అట్టి భూములన్నిటికిని చెల్లుచున్నది.

కడపటి మంచుయుగము ముగిసిన తరువాత సముద్రమట్టము వేగముగా పెరిగి, సుమారు 8,500 నుండి 6,500 సంవత్సరముల క్రితము ఆ వేగము మందగించినది. ప్రపంచములోని పెద్ద డెల్టాలలో పెక్కింటి పుట్టుక ఆ కాలమునకు చెందినదే. సముద్రము నిలకడగా నున్నప్పుడే నది తెచ్చిన ఒండ్రు ఒకచోట పేరుకొనుటకు వీలగును.

పులిగడ్డ వద్ద కృష్ణ చీలును. ఈ చీలిక నడుమ సముద్రము వరకు గల నేలయే దివిసీమ. 'దివి' అనగా తెలుగున ద్వీపమనియే అర్థము. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఈ సీమలోనివే. తూర్పు పాయ హంసలదీవి వద్ద సాగరమున కలియును. ప్రధాన నది మరల చీలి, ఎదురుమొండి, నాచుగుంట మున్నగు లంకల నడుమగా సాగి, గొల్లుముత్తపాయ, నడిమేరు, కృష్ణ అను మూడు మొగలుగా సముద్రమును చేరును. లంక, దిబ్బ, పాయ, మొగ, తిప్ప అను ఊరి పేర్లలోనే డెల్టా నిర్మాణశాస్త్రము చాలవరకు ఇమిడియున్నది.

పాత సాక్షులు

క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున నివసించిన టాలమీ తన భూగోళ గ్రంథములో ఈ తీరమును మైసోలియా అని పేర్కొని, కొంటకొస్సిల, కొద్దూర అను వర్తకస్థానములను చెప్పెను. కొంటకొస్సిల నేటి ఘంటసాల యనియు, కొద్దూర మచిలీపట్టణము సమీపమునందలి గూడూరు అనియు పండితులలో పలువురి అభిప్రాయము. ఘంటసాల ప్రాకృత శాసనములలోను, నాగార్జునకొండ శాసనములోను ఈ ఊరి పాత పేరు కనబడుటచే ఈ ఊహకు బలము చేకూరినది. అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాలలలోని బౌద్ధస్తూపములను పరిశీలించి 1894లో గ్రంథము ప్రకటించెను. అనగా రెండువేల ఏండ్ల క్రితమే ఈ ఊళ్ళున్న నేల గట్టిపడి, జనావాసమై, వర్తకమునకు నిలయమైనదన్నమాట.

అయితే నేడు ఘంటసాల సముద్రమునకు దూరముగా లోపల నున్నది. దీనిని బట్టి ఆనాడు అలలు ఘంటసాల గట్టునే తాకెడివని తొందరపడి చెప్పరాదు. ఓడలు నదీపాయ వెంబడి లోనికి వచ్చియుండవచ్చును. ఆ పాయ తరువాత పూడిపోయి యుండవచ్చును. శాసనము ఊరి పేరు చెప్పును గాని తీరపు గీత ఎచట నుండెనో చెప్పదు. దానికి నేలనే అడుగవలెను.

మచిలీపట్టణము విషయములో సాక్ష్యములు మరింత స్పష్టముగా నున్నవి. గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు ఇది. డచ్చివారు 1605-06లోను, ఆంగ్లేయులు 1611లోను ఇచట వర్తకశాలలు నెలకొల్పిరి. 1759లో ఈ కోట ఫ్రెంచివారి నుండి ఆంగ్లేయుల వశమయ్యెను. కాని పెద్ద ఓడలు ఏనాడును ఒడ్డును తాకలేదు. సముద్రపు అడుగు లోతులేనిదగుటచే అవి కొన్ని మైళ్ళ దూరమున లంగరు వేయుటయు, సరకు చిన్న పడవలపై రేవునకు చేరుటయు వాడుక. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన ఈ ప్రాంతమున సుమారు 30 వేల మందిని పొట్టనబెట్టుకొన్నది. ఆ దెబ్బ నుండి పట్టణము మరల పూర్వవైభవమునకు రాలేదు. 1933లో విశాఖపట్టణపు లోతైన ఓడరేవు తెరువబడిన తరువాత తూర్పుతీరపు వర్తకము అటు మరలినది.

గొలుసుతో కొలిచిన కాలము

వ్రాతల తరువాత పటములు వచ్చినవి. పద్దెనిమిదవ శతాబ్ది చివర మైకేల్ టాపింగ్ అను సర్వేయరు ఈ తీరమును, కృష్ణా గోదావరుల నేలమట్టములను పరిశీలించెను. 1794లో మద్రాసున సర్వే పాఠశాల నెలకొల్పబడుటకు కారకుడు ఆయనయే. 1796లో ఆయన మచిలీపట్టణముననే మరణించెను. 1802లో లాంబ్టన్ మద్రాసు వద్ద ప్రారంభించిన త్రికోణమితి సర్వే దేశపు పటములన్నిటికి పునాది వేసినది. ఆర్థర్ కాటన్ ప్రోద్బలముతో విజయవాడ వద్ద ఆనకట్ట నిర్మాణము 1852లో మొదలై 1855లో ముగిసినది. కాలువలు త్రవ్వుటకు ప్రతి అడుగు ఎత్తుపల్లములు తెలియవలెను గనుక డెల్టా యంతయు నిశితముగా కొలువబడినది. ఆ పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియయ్యెను.

ఈ పటములు అమూల్యములే గాని వీటికొక లోపము కలదు. ఒక తాలూకా పటము సిద్ధము చేయుటకు సంవత్సరములు పట్టును. మరల ఆ చోటికి సర్వే బృందము వచ్చుటకు దశాబ్దములు పట్టవచ్చును. ఈ నడుమ ఒక తుఫానుకు మొగ మూసికొనిపోయి, మరియొక తుఫానుకు వేరొకచోట తెరచుకొనవచ్చును. పటములో గీత చెక్కుచెదరక నుండును. నేల మీద గీత కదలుచునే యుండును. బురద, మడ అడవులు, మొసలివంటి పాయలు గల మొగల వద్దకు గొలుసు పట్టుకొని పోవుటయు సులభము కాదు.

గాలి నుండి చూపు

విమానముల నుండి ఛాయాచిత్రములు తీయుట వచ్చిన తరువాత ఈ కష్టము కొంత తీరినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య ఆర్. వైద్యనాథన్, ఆయన శిష్యులు విమానచిత్రముల సహాయమున ఆంధ్రతీరపు భూస్వరూపములను అధ్యయనము చేసిరి. కృష్ణా డెల్టా మీద కె. నాగేశ్వరరావు, వైద్యనాథన్ కలిసి 1970 దశకపు చివర ప్రకటించిన వ్యాసములు ఈ విషయమున మార్గదర్శకములు.

నేల మీద నడచువానికి ఒక ఇసుకమిట్ట కేవలము ఇసుకమిట్టయే. పైనుండి చూచిన వానికి అట్టి మిట్టలు పదుల కిలోమీటర్ల పొడవున, ఒకదాని వెనుక ఒకటి, తీరమునకు సమాంతరముగా సాగుట కనబడును. ఇవి ఒకనాటి సముద్రతీరములు. అల ఇసుకను ఒడ్డునకు త్రోసి గట్టు కట్టును. నది క్రొత్త ఒండ్రు తెచ్చి ముందునకు జరిగినప్పుడు ఆ గట్టు వెనుకబడిపోయి, ముందు క్రొత్త గట్టు ఏర్పడును. చెట్టు మ్రానును కోసినప్పుడు కనబడు వలయములు దాని వయస్సు చెప్పినట్లే, ఈ మిట్టలు డెల్టా పెరిగిన తీరును చెప్పును. ఇసుకమిట్టలలో వాననీరు నిలిచి తియ్యని నీటిబావులకు అనుకూలమగుటచే, పల్లపు చౌడునేలలను వదలి పాత ఊళ్ళు పెక్కు ఈ మిట్టల మీదనే వెలసినవి.

మిట్టల నడుమ వంకరటింకరగా కనబడు మరికొన్ని గుర్తులు పూడిపోయిన పాత నదీపాయలు. కృష్ణ ఎల్లకాలము నేటి మొగల నుండియే సముద్రమును చేరలేదు. ఒక దిక్కున ఒండ్రు పేరుకొని దారి ఎత్తైనప్పుడు నది పల్లపు దారి వెదకికొని మరియొక దిక్కునకు మరలును. విడువబడిన దిక్కున డెల్టా పెరుగుట ఆగిపోవును. గుడివాడ ప్రాంతపు నేలలు, ఘంటసాల వంటి పాత రేవులు నేటి నదికి, కడలికి దూరముగా నుండుటలో వింత లేదని ఈ చిత్రములు తెలిపినవి.

ఉపగ్రహముల రాక

అమెరికా 1972 జులై 23న ప్రయోగించిన ఉపగ్రహము, తరువాత ల్యాండ్‌శాట్-1 అని పేరు పొందినది, భూమి మీది ప్రతి చోటును 18 దినములకొకసారి చిత్రించు శక్తి గలది. దాని చిత్రములోని అతి చిన్న గడి నేల మీద సుమారు 80 మీటర్ల చదరమునకు సమానము. దీనికి ముందే, 1960 నుండి 1972 వరకు, కరోనా అను అమెరికా గూఢచారి ఉపగ్రహములు ఫిల్ముపై చిత్రములు తీసి, ఆ ఫిల్ముచుట్టలను పారాచూటుతో క్రిందకు వదలెడివి. విమానములు వానిని గాలిలోనే పట్టుకొనెడివి. 1995లో ఈ చిత్రముల రహస్యము తొలగింపబడగా, 1960 దశకపు భూస్వరూపమును తెలిసికొనుటకు అవి శాస్త్రజ్ఞులకు పనికివచ్చినవి. యుద్ధభయముతో తీసిన చిత్రములు నదుల చరిత్రకు ఆధారములైనవి.

భారతదేశమున ఈ విద్యకు బీజము 1970లో పడినది. ఆచార్య పి.ఆర్. పిషరోటి నాయకత్వమున కేరళలో కొబ్బరిచెట్ల వేరుతెగులును హెలికాప్టరు నుండి పరారుణ ఛాయాచిత్రములతో గుర్తించిరి. 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఏర్పడి, హైదరాబాదు కేంద్రముగా పనిచేసినది. 2008లో అది ఇస్రోలో ఒక కేంద్రమైనది. 1979 జూన్ 7న భాస్కర-1, 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ ఆకాశమునకు ఎగసినవి. 1995 డిసెంబరు 28న ప్రయోగింపబడిన ఐ.ఆర్.ఎస్.-1సి లోని ఒక కెమెరా 6 మీటర్ల లోపు గడులతో నేలను చూపగలిగినది. 2008లో ల్యాండ్‌శాట్ చిత్రములన్నియు ఉచితముగా లభించుటతో, పెద్ద ప్రయోగశాలలకే పరిమితమైన ఈ విద్య కళాశాలల వరకు వచ్చినది.

నీటిని నేల నుండి వేరుచేయు ఉపాయము

ఉపగ్రహము తీరమును ఎట్లు గుర్తుపట్టును? సూర్యకాంతిలో కంటికి కనబడు రంగులతో పాటు, ఎరుపునకు ఆవల కంటికి కనబడని పరారుణ కిరణములు కలవు. నీరు ఈ కిరణములను దాదాపు పూర్తిగా పీల్చుకొనును. అందుచే పరారుణ చిత్రములో నీరు నల్లగా కనబడును. ఆరోగ్యముగా నున్న ఆకు వానిని బలముగా వెనుకకు పంపును. ఇసుకయు చాలవరకు పంపును. పరారుణమునకు చిత్రములో ఎరుపురంగు ఇచ్చినచో వరిచేను, మడ అడవి ఎర్రగను, నీరు నల్లగను, ఇసుక తెల్లగను కనబడును. ఉపగ్రహచిత్రములలో పచ్చని దివిసీమ ఎర్రగా కనబడుటకు కారణమిదే.

దీనిని లెక్కగా మార్చు పద్ధతి 1996లో మెక్‌ఫీటర్స్ సూచించెను. ఆకుపచ్చ కాంతిలో తిరిగివచ్చిన భాగము నుండి పరారుణములో తిరిగివచ్చిన భాగమును తీసివేసి, ఆ రెంటి మొత్తముచే భాగించవలెను. ఉదాహరణకు, ఒక గడి నుండి ఆకుపచ్చ కాంతి 100కి 10 పాళ్ళు, పరారుణము 3 పాళ్ళు తిరిగివచ్చినదనుకొనవచ్చును. తేడా 7, మొత్తము 13, సూచిక సుమారు 0.54. మరియొక గడిలో ఆకుపచ్చ 25 పాళ్ళు, పరారుణము 35 పాళ్ళు. తేడా రుణము 10, మొత్తము 60, సూచిక సుమారు రుణము 0.17. ధనసంఖ్య వచ్చినది సాధారణముగా నీరు; రుణసంఖ్య వచ్చినది నేల. ఈ రెండు విధముల గడులు కలియు హద్దే తీరరేఖ. వేర్వేరు సంవత్సరముల తీరరేఖలను ఒకదానిపై ఒకటి పరచినచో ఎచట భూమి పెరిగినదో, ఎచట తరిగినదో తేలును.

ఇంత సులభముగా తోచినను ఇందు జాగ్రత్తలు కలవు. మొదటిది, ఆటుపోటులు. ప్రతి 100 మీటర్లకు ఒక మీటరు వాలు గల ఒడ్డున నీటిమట్టము ఒక మీటరు పెరిగినచో నీటి అంచు 100 మీటర్లు లోనికి వచ్చును. పాత చిత్రము ఆటు వేళను, క్రొత్త చిత్రము పోటు వేళను తీసినదైనచో, ఏమియు కోత లేకున్నను 100 మీటర్లు కోత పడినట్లు కనబడును. రెండవది, గడి పరిమాణము. సంవత్సరమునకు 10 మీటర్లు వెనుకకు పోవు తీరమును 80 మీటర్ల గడులతో చూచినచో, ఎనిమిది ఏండ్లకు గాని ఒక్క గడి తేడా రాదు. మూడవది, మబ్బులు. వరద, తుఫాను వచ్చినప్పుడే చిత్రము కావలెను. అప్పుడే మబ్బు కప్పివేయును. రాడార్ తరంగములు మబ్బును చీల్చుకొని పోగలవు గనుక, 2012లో ప్రయోగింపబడిన రీశాట్-1 వంటి రాడార్ ఉపగ్రహములు ఈ లోటు తీర్చుటకు వచ్చినవి. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినట్టి సమయములలో ఇట్టి చూపు యొక్క విలువ తెలియును.

తేలిన నిజములు

నాగేశ్వరరావు, ఆయన సహశాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన పరిశోధన కృష్ణా గోదావరి జంట డెల్టాల 336 కిలోమీటర్ల తీరమును పరిశీలించినది. 1965 నుండి 2008 వరకు 43 సంవత్సరములలో, పెరిగిన నేలను తరిగిన నేలలో నుండి తీసివేయగా, నికరముగా 76 చదరపు కిలోమీటర్ల భూమి సముద్రము పాలైనదని వారు కనుగొనిరి. 1965-1990 నడుమ సంవత్సరమునకు 1.39 చదరపు కిలోమీటర్ల చొప్పున, 1990-2000 నడుమ 2.32 చొప్పున, 2000-2008 నడుమ 2.25 చొప్పున ఈ నష్టము జరిగినది. తరగతిలో విద్యార్థులు ఈ సంఖ్యలను గుణించి కూడినచో మొత్తము సరిపోవుట చూడవచ్చును. 76 చదరపు కిలోమీటర్లను 336 కిలోమీటర్ల పొడవునకు పంచినచో తీరము సగటున 226 మీటర్లు వెనుకకు జరిగినదని తేలును. ఇది సగటు మాత్రమే. ఒకచోట కోత, ఒకచోట మేట యున్నవి.

కారణము వెదకుటకు నది మోయు బరువును చూడవలసియున్నది. అదే పరిశోధన ప్రకారము కృష్ణ తెచ్చిన ఒండ్రు 1966-69లో ఏటేట 90 లక్షల టన్నులుండగా, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయినది. లారీకి 10 టన్నుల చొప్పున చూచినచో, ఒకప్పుడు 9 లక్షల లారీల మట్టి వచ్చుచుండగా తరువాత 40 వేల లారీల మట్టి మాత్రమే వచ్చినదన్నమాట.

మిగిలిన మట్టి ఏమైనది? దానికి సమాధానము జలాశయముల అడుగున నున్నది. నిలిచిన నీటిలో ఒండ్రు దిగిపోవును. ఆనకట్ట దాటి వచ్చునది తేటనీరు. 1967లో నీరు విడుదలైన నాగార్జునసాగరము నిలువశక్తి మొదట 408 టి.ఎం.సి.; తరువాతి కొలతలలో అది 312కు తగ్గినది. శ్రీశైలము నిలువశక్తి 308 టి.ఎం.సి. నుండి 2011 కొలతలో 215కు తగ్గినది. తుంగభద్ర, ఆలమట్టి, ఉజ్జని మున్నగు ఎగువ జలాశయములును ఇదే పని చేయును. నీరును తగ్గినది. వరుస కరవులు వచ్చిన 2001-04 సంవత్సరములలో కృష్ణ నుండి సముద్రమునకు చేరిన నీరు అత్యల్పము.

ఒండ్రు రాకున్నను అలలు మాత్రము ఊరకుండవు. అవి దినదినము ఒడ్డును తొలుచుచునే యుండును. మెత్తని ఒండ్రునేల తన బరువునకు తానే కొంచెము కొంచెముగా కుంగును; ఏటేటి క్రొత్త ఒండ్రు ఆ కుంగుబాటును పూడ్చెడిది. ఇపుడా పూడిక లేదు. పైగా 1993 నుండి ఉపగ్రహములు కొలిచిన ప్రకారము ప్రపంచ సముద్రమట్టము ఏడాదికి సగటున 3 మిల్లీమీటర్లకు మించి పెరుగుచున్నది. నైలునదిపై అస్వాను మహాజలాశయము 1970లో పూర్తియైన పిమ్మట రొసెట్టా మొగ వద్ద తీరము వేగముగా కోతపడినది. 2009లో సివిట్స్కీ, ఆయన సహచరులు ప్రపంచమున 33 డెల్టాలను పరిశీలించి, మిక్కిలి అపాయకర స్థితిలో నున్నవానిలో కృష్ణను చేర్చిరి.

దీనిని బట్టి జలాశయములు కట్టుటయే తప్పని చెప్పరాదు. అవి లక్షల ఎకరములకు నీరిచ్చినవి, కరువుల నుండి కాపాడినవి. డెల్టా రైతు కాలువ నిండుట వాని చలువయే. కాని ఏ మేలునకైనను ఒక వెల కలదు. ఆ వెలను చెల్లించునది ఎవరో, ఎంతో తెలిసియుండుట న్యాయము. ఉపగ్రహచిత్రములు ఆ లెక్కను తేల్చినవి.

ఉప్పెన నేర్పిన పాఠము

తీరము కొన్ని వందల మీటర్లు జరిగినంత మాత్రమున ప్రజలకేమి నష్టమను సందేహమునకు దివిసీమ చరిత్రయే సమాధానము. 1977 నవంబరు 19న వచ్చిన తుఫానులో సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి దివిసీమ గ్రామములను ముంచివేసెను. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించిరి. పొలములలోనికి వచ్చిన ఉప్పునీరు పంటనేలను చెరచెను. 1990 మే 9న కృష్ణ మొగల వద్దనే మరియొక పెనుతుఫాను తీరము దాటినది. అప్పటికి ఇన్సాట్ ఉపగ్రహముల చిత్రములు అందుబాటులో నుండుటచే ముందుగా హెచ్చరికలు అందినవి. లక్షల మంది సురక్షిత స్థలములకు తరలింపబడిరి. మరణములు వేయి లోపుననే ఆగినవి. అదియు చిన్న సంఖ్య కాదు. అయినను రెండు తుఫానుల నడుమ గల భేదములో ఉపగ్రహముల పాలు గొప్పది.

ఉప్పెనకు అడ్డునిలుచునవి రెండు: తీరపు ఇసుకమిట్ట, మడ అడవి. మడచెట్ల వేళ్ళు బురదను పట్టి ఉంచును, కెరటముల ఊపును తగ్గించును. సొర్లగొంది, నాచుగుంట ప్రాంతములలోని మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యములో చేరియున్నవి. తీరము కోతపడినచో ఈ రెండు కాపుదలలును సన్నబడును. రొయ్యల చెరువుల కొరకు మడచెట్లు కొట్టినచో ఇంకను బలహీనపడును. మడ అడవి ఎర్రని ముద్దగా కనబడు ఉపగ్రహచిత్రములలో, దాని నడుమ వెలసిన చదరపు నల్లని గడులు చెరువుల గుర్తులు. వానిని లెక్కించుట ఎవరికిని కష్టము కాదు.

గుడివాడ ఆవల కొల్లేరు

ఉపగ్రహపు చూపు తీరమునకే పరిమితము కాదు. గుడివాడకు ఈశాన్యమున, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ గల పల్లములో కొల్లేరు సరస్సు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదను ఇముడ్చుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రమునకు వదలుట దాని సహజధర్మము. దీని వైశాల్యము సుమారు 245 చదరపు కిలోమీటర్లు. 2001 నాటి భారత ఉపగ్రహచిత్రములను పరిశీలించినప్పుడు అందులో సుమారు 42 శాతము చేపల చెరువులతో నిండియున్నట్లు తేలినది. 1967 నాటి సర్వే పటములలో ఆ చెరువులు లేవు. ముప్పదినాలుగు ఏండ్లలో ఒక సరస్సు గట్ల నడుమ ముక్కలైన తీరు ఆ రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టిన ఎవరికైనను కనబడును. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేరినది. 2006లో ప్రభుత్వము చెరువుగట్లను తెంపు కార్యక్రమము చేపట్టినది.

ఇకముందు చూడవలసినది

మచిలీపట్టణము వద్ద క్రొత్త ఓడరేవు నిర్మాణపు పనులు 2023 మే నెలలో ప్రారంభమైనవి. తీరము వెంబడి ఇసుక అలలతో పాటు నిరంతరము ప్రయాణము చేయుచుండును. సముద్రములోనికి గోడ కట్టినచో ఆ ఇసుక ఒకవైపు ఆగి మేటవేయును. రెండవవైపున ఇసుక అందక కోత పడవచ్చును. తూర్పుతీరపు రేవులు పెక్కింటి అనుభవమిది. కనుక రేవునకు ఉత్తర దక్షిణముల తీరరేఖను ప్రతి సంవత్సరము కొలుచుచుండుట అవసరము. నాటి ఓడలను దూరముగా నిలిపిన ఇసుకయే నేటి రేవుకట్టకును పరీక్ష పెట్టును.

ఈ కొలత పెద్దలకు మాత్రమే తగినదని విద్యార్థులు భావింపరాదు. కృష్ణా జిల్లాలోని ఏ ఉన్నత పాఠశాల యైనను పాత సర్వే పటమునొకటి, ఉచితముగా లభించు ఉపగ్రహచిత్రమునొకటి సంపాదించి, ఒకే కొలబద్దకు తెచ్చి, పలుచని కాగితముపై రెండు తీరరేఖలను రెండు రంగులలో గీయవచ్చును. రెంటి నడుమ మిగిలిన జాగాను గళ్ళకాగితముపై లెక్కించినచో తమ మండలమున పెరిగిన నేల, తరిగిన నేల తెలియును. పిదప తీరగ్రామమునకు పోయి, పటములో మారినట్లు కనబడిన చోట నిజముగా ఏమున్నదో చూడవలెను. ఇసుకమిట్టయా, విరిగిన మడచెట్టా, క్రొత్త చెరువుగట్టా? వల వేయు వారిని, పొలము చేయు వారిని అడిగి, వారి జ్ఞాపకములోని తీరము ఎచట నుండెనో వ్రాసికొనవలెను. ఆకాశము నుండి వచ్చిన చిత్రము, నేల మీద నివసించు మనుష్యుని మాట, ఈ రెండును ఏకీభవించిన చోట ఫలితము నమ్మదగినది. ఏకీభవింపని చోట మరల కొలువవలెను.